కాలిఫోర్నియాలో హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు ఎందుకు మొదలుకావు?

టీనేజ్ పిల్లలకు నిద్ర సరిపోవాలని ఆ రాష్ట్రం చట్టమే చేసింది కాబట్టి. 2019లో గవర్నర్ సంతకం చేసిన ఈ చట్టం 2022 జులై 1న అమల్లోకి వచ్చింది. మిడిల్ స్కూళ్లకైతే హద్దు ఉదయం 8 గంటలు. గ్రామీణ ప్రాంతాల స్కూళ్లకు మినహాయింపు ఉంది.

యుక్తవయసు మొదలయ్యాక నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. చాలామందికి పదకొండు దాకా నిద్ర రాదు. ఆ వయసుకి కావాల్సింది మాత్రం 8 నుంచి 10 గంటలు. ఏడున్నరకే క్లాసంటే, బస్సు కోసం ఐదున్నరకు లేచే పిల్లాడికి ఆరున్నర గంటలే మిగులుతాయి. అది బద్ధకం కాదు, లెక్క కుదరకపోవడం.

బడి ఆలస్యమైతే పిల్లలు ఇంకా ఆలస్యంగా పడుకుంటారు, అంతే కదా అని చాలామంది అనుకుంటారు. ఫోన్ల సంగతి చూస్తే ఆ అనుమానం సహజమే. కానీ సియాటిల్‌లో 2016లో హైస్కూల్ వేళను 7:50 నుంచి 8:45కి మార్చాక కొలిచి చూస్తే, బడి రోజుల్లో విద్యార్థుల నిద్ర అరగంటకు పైగా పెరిగింది.