ప్రార్థన అత్తమ్మది, ఆమెన్ మాత్రం మీ ఆయనది

హాలియా దగ్గరి పల్లె నుంచి ఒక టీచరమ్మ మూడు పేజీల ఉత్తరం రాశారు. వయసు ముప్పై ఆరు, ఇద్దరు పిల్లలు. భర్త మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తా. నాలుగు నెలలుగా ప్రార్థన రావడం లేదట. పొద్దున నాలుగున్నరకు లేచి బైబిల్ తెరిస్తే అక్షరాలు కనబడుతున్నాయి గానీ లోపలికి ఏమీ దిగడం లేదట. ఆదివారం ఆరాధనలో కూర్చుంటే మనసు ఇంట్లో కుక్కర్ మీదికి పోతుందట. ప్రభు బల్ల రోజు, అంటే చర్చిలో యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు, రొట్టె పళ్లెం చేతికొస్తే ముట్టకుండా పక్కామెకు అందిస్తున్నారట. ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉంటే మంచిదా, ఉంటే ఏ కీర్తనలు చదవాలి, తనకు తెలియకుండా తనలో ఏదైనా పాపం దాగి ఉందా? ఇవీ ఆమె అడిగిన ప్రశ్నలు.

చివరి పేజీలో, సంతకానికి కొంచెం పైన, "ఇది చిన్న విషయమే గానీ" అని మొదలుపెట్టి ఆరు వాక్యాలు రాశారు. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటి ప్రార్థనలో అత్తమ్మ ఈమె గురించి గట్టిగా ప్రార్థిస్తుందట. "నా కోడలి నోటికి కావలి పెట్టు తండ్రీ" అని. క్రిస్మస్‌కు మరిది, యారాలు, ఆడబిడ్డ అందరూ వచ్చి కూర్చున్న రాత్రి, "దాని మనసులకెల్లి బంగారం మీది ఆశ తీసెయ్యి నాయనా" అన్నదట. పుట్టింటివాళ్లు పెట్టిన మూడు తులాల గొలుసును మరిది బోరు కోసం బ్యాంకులో కుదువ పెట్టారు. దాన్ని ఎప్పుడు విడిపిస్తారని ఈమె ముందు రోజు రాత్రే భర్తను అడిగింది. అదీ సంగతి.

అమ్మా, మీ మొదటి ప్రశ్నను ముందే తేల్చేస్తాను. ఉపవాసం వద్దు. రక్తం తక్కువగా ఉందని డాక్టర్ ఐరన్ గోలీలు రాసిచ్చాడని మీరే రాశారు. రోజంతా నిలబడి పాఠాలు చెప్పి వచ్చే మనిషి ఇరవై ఒక్క రోజులు తిండి మానితే దేవుడు దగ్గరికి రాడు, కళ్లు తిరుగుతాయి. చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత తట్టి లేపి ఏమన్నాడు? ఉపవాసం ఉండమన్నాడా? లేచి భోజనం చెయ్యమన్నాడు. తిన్నాక ఏలీయా మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. నలభై రోజుల నడక ఆ తర్వాతి మాట.

దాగి ఉన్న పాపం సంగతి కూడా అంతే. నాలుగు నెలలుగా వెతికారు, దొరకలేదు. లేనిది దొరకదు. ఇక వెతకడం ఆపండి.

ఇప్పుడు ఆ ఆరు వాక్యాల దగ్గరికి వద్దాం. ప్రార్థన రావడం లేదని మీరు చెప్పిన నాలుగు నెలలను నేను వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టాను. సరిగ్గా క్రిస్మస్ దగ్గర ఆగింది. మీరు లెక్కపెట్టలేదా, లేక లెక్కపెట్టి వదిలేశారా?

మీరు అత్తమ్మ మీద రాయాలనుకుని, పెద్దామె అని ఊరుకున్నట్టు కనిపిస్తోంది. ఆమె చేస్తున్నది తప్పే. దేవునికి చెబుతున్నట్టుగా ఇంట్లోవాళ్లకు వినిపించే మాటను ప్రార్థన అనరు, చాడీ అంటారు. యేసు చెప్పిన కథలో, దేవాలయంలో తన భక్తిని గొప్పగా చెప్పుకున్న పరిసయ్యుడు చేసింది అదే. కళ్లు దేవుని వైపు, మాట మాత్రం దూరంగా నిలబడిన సుంకరికి, అంటే పన్ను వసూలు చేసేవాడికి, తగిలేట్టు. 141వ కీర్తనలో దావీదు "నా నోటికి కావలియుంచుము" అని వేడుకున్నాడు. నా నోటికి అన్నాడు, నా కోడలి నోటికి అనలేదు. మీ అత్తమ్మ ఆ ఒక్క మాట మార్చుకుంది.

అయినా ఆమె మీద నాకు పెద్దగా కోపం రావడం లేదు. ఎందుకో చెబుతాను. ఆమెకు ముప్పై దాటకముందే భర్త పోయాడని, నాట్లకు, కలుపులకు కూలికి పోయి పిల్లలను పెంచిందని రాశారు. అలాంటి ఆడమనిషికి ఆ రోజుల్లో మాట్లాడేచోటు ఏది? పంచాయితీలో కూర్చోనివ్వరు. ఇంట్లో మామ, బావలు. మన నల్లగొండ జిల్లాలో మిషన్ మొదలై నూట ముప్పై ఏళ్లు దాటింది. 1889లో రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ క్రైస్తవ శాఖకు చెందిన దంపతులు, ఫ్రీసన్లు, నల్లగొండ కేంద్రంగా పని మొదలుపెట్టారు. ఆ మిషన్ల కాలంలో ఊరూరా తిరిగిన బైబిల్ స్త్రీలు వాడల్లో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పారు, కీర్తనలు నేర్పారు. వాటికంటే పెద్దది ఇంకొకటి నేర్పారు, నలుగురిలో గొంతెత్తి ప్రార్థించడం. కళ్లు మూసుకున్నాకే మన ఆడవాళ్లకు నోరు వచ్చింది. కళ్లు తెరిచి అడగలేని కూలి డబ్బులు, తాగుబోతు మొగుడు, కొడుకు చదువు, అన్నీ ప్రార్థనలోనే బయటపడేవి. ఎవరూ అడ్డం రారు, ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదు కాబట్టి.

మా చిన్నప్పుడు మా వాడలో శుక్రవారం కూడికలో ఒకామె, "పక్కింటోళ్లు నాకియ్యాల్సిన ఎనభై రూపాయలు వాళ్లకు జ్ఞాపకం చెయ్యి ప్రభువా" అని కన్నీళ్లతో ప్రార్థించింది. ఆ పక్కింటామె నా పక్కనే చాప మీద కూర్చుని ఉంది. చివర అందరూ ఆమెన్ అన్నారు. ఆమె అనలేదు, దగ్గింది.

మీ అత్తమ్మకు అలవాటైన ఆయుధం అది. అప్పుడు అవసరానికి వాడింది, ఇప్పుడు మీ మీద వాడుతోంది. ఆ ముసలి చేతిలోంచి దాన్ని లాక్కోవడం మీ వల్ల కాదు, అది మీ పని కూడా కాదు.

మరి ఎవరి పని? ఇక్కడే మీ ఉత్తరంలో లేని ప్రశ్న ఒకటి ఉంది. రాత్రి గదిలో మీరు మీ ఆయనను అడిగిన మాట, మర్నాడు రాత్రికి అత్తమ్మ ప్రార్థనలోకి ఎలా చేరింది? దేవుడు చెప్పాడా? గదిలో మీరిద్దరే ఉన్నారు. మీరు చెప్పలేదు. ఇంక మిగిలింది ఎవరు?

ఆయనే. పొద్దున చాయ్ తాగుతూ, పెద్దగా ఏమీ ఆలోచించకుండా, "గొలుసు అడుగుతున్నదే అమ్మా" అని ఉంటాడు. చెడ్డవాడని నేననడం లేదు. మీ ఉత్తరంలో ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు. తాగడు, జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు, పిల్లలంటే ప్రాణం. అన్నీ రాశారు. ఆ రాత్రి అందరి ముందూ మీ గొలుసు ప్రార్థనలోకి వచ్చినప్పుడు ఆయన ఏం చేశాడో కూడా రాశారు, ఒక్క ముక్కలో. "ఆయన కూడా ఆమెన్ అన్నారు."

ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఆ ముక్కే. ఆమెన్ అంటే ప్రార్థన అయిపోయింది, లేచి అన్నం తినండి అని అర్థం కాదు. అలాగే జరుగును గాక అని. చెప్పినదాని కింద సంతకం పెట్టడం లాంటిది. ద్వితీయోపదేశకాండం 27లో లేవీయులు పన్నెండు శాపాలు ఒక్కొక్కటిగా పలికితే, ఒక్కొక్కదానికీ ప్రజలంతా ఆమెన్ అనాలి. అంత బరువైన మాట అది. ఎదుటివాడు ఏమంటున్నాడో తెలియకుండా ఆమెన్ ఎలా అంటారని కొరింథీయులను పౌలు అడిగాడు. మీ ఆయనకు తెలుసు. తన అమ్మకు ఆ సంగతి చెప్పిందే తను. అన్నీ తెలిసి కింద సంతకం పెట్టాడు.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మీరు ఇంకో మెట్టు పైకి పోయారు. కోపం మొగుని మీద, మాటలు మానింది దేవునితో. నమ్మి చెప్పిన మాట ఒక్క రోజులో నడింట్లోకి వచ్చాక, ఇంక ఎవరికీ ఏమీ చెప్పుకోకూడదని మీ మనసు తలుపేసుకుంది. ఆ తలుపు బయట దేవుడు కూడా ఉండిపోయాడు. దీన్ని విశ్వాసం పోవడం అనరు, అలగడం అంటారు. అలగడానికి మీకు హక్కుంది. అలగాల్సింది మాత్రం మీ ఆయన మీద, దేవుని మీద కాదు.

ఇప్పుడు ఏం చేయాలంటే, మీ ఆయనతో మాట్లాడాలి. పాస్టర్ గారికి చెప్పొద్దు, పాస్టరమ్మకు అసలే వద్దు. ఆ మాట వచ్చే శుక్రవారం కూడికలో ప్రార్థన విన్నపం అయి తేలుతుంది. ఆడబిడ్డ చెవిన కూడా వేయకండి. యాసంగి వడ్లు మిల్లుకు వచ్చే రోజులు కాబట్టి ఆయన రాత్రి అలిసిపోయి వస్తాడు, అప్పుడు కదపొద్దు. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలను అత్తమ్మతో ఆటోలో పంపండి. మీరిద్దరూ బండి మీద రండి. కాలువ కట్ట మీద ఎక్కడైనా నీడ చూసి ఆపమనండి. గొలుసు మాట ఎత్తొద్దు, అత్తమ్మ మాట ఎత్తొద్దు. ఒక్కటే అడగండి. "నేను మీకు చెప్పిన మాట మీ దగ్గరే ఉంటదా, ప్రార్థనకు పోతదా?"

ఆయన ఏమంటాడో నేనే చెబుతాను. "అమ్మ పెద్దది, ఏదో అంటది, పట్టించుకోకు" అంటాడు. మన తెలంగాణ మొగవాళ్లందరికీ ఈ వాక్యం పుట్టుకతోనే వస్తుంది. అప్పుడు ఏడవకండి, అరవకండి. "అమ్మ అన్నదానికి కాదు, మీరు ఆమెన్ అన్నదానికి" అని చెప్పి ఊరుకోండి. తర్వాతి మాట ఆయన్నే మాట్లాడనివ్వండి, ఎంతసేపు పట్టినా.

తల్లిని మందలించమని అడగకండి. ఆ తల్లిని అతను మందలించలేడు, మందలించినా మీకే చెడ్డపేరు. అతను చేయగలిగింది ఒకటుంది. ఇంటి ప్రార్థన తన చేతికి తీసుకోవడం. "ఇయ్యాల నేను చేస్తనే అమ్మా" అంటే ఏ తల్లయినా మురిసిపోతుంది. ఇంటి పెద్దగా అతను ప్రార్థించనీ, పిల్లలతో ఒక్కో మాట చెప్పించనీ. అత్తమ్మకు వంతు వచ్చినప్పుడు మీ పేరు మళ్లీ వస్తే ఆమెన్ అనకుండా ఊరుకోనీ. ఆ ఇంట్లో ఆమెన్ ఆగితే ఆమెకు వినబడుతుంది, చెవులు బాగానే పనిచేస్తున్నట్టున్నాయి.

ఇదంతా తనకెందుకని ఆయన అనుకుంటే పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం ఏడో వచనం చూపించండి. భార్యతో జ్ఞానంగా కాపురం చేయమని, ఆమెను గౌరవించమని భర్తలకు చెబుతూ పేతురు కారణం కూడా చెప్పాడు, "మీ ప్రార్థనలకు అభ్యంతరము కలుగకుండునట్లు" అని. అంటే భార్యను తక్కువ చేసినవాడి ప్రార్థన దారిలోనే ఆగిపోతుంది. ఈ వచనం మీద ప్రసంగం నేను చాలా అరుదుగా విన్నాను. లోబడి ఉండమని భార్యలకు చెప్పిన దాని పై వచనాల మీద మాత్రం లెక్కలేనన్ని.

ప్రభు బల్ల విషయంలో మీరు చేస్తున్నది నాకు నచ్చలేదు. మనవాళ్లలో చాలామందికి ఈ అలవాటుంది, మనసు బాగాలేకపోతే రొట్టె ముట్టరు. తన్ను తాను పరీక్షించుకోమని పౌలు రాసిన మాట నిజమే. ఆ వాక్యం అక్కడితో ఆగిందా? పరీక్షించుకుని ఆ రొట్టెను తినమనీ, ఆ పాత్రలోనిది తాగమనీ రాశాడు. మానుకోమని రాయలేదు. ఈ నెల పళ్లెం వచ్చినప్పుడు తీసుకోండి. అత్తమ్మ చూస్తుందా, ఏమనుకుంటుందా అనేది ఆమె పరీక్ష, మీది కాదు.

పొద్దున చదువు ఎలా అని అడిగారు. నాలుగున్నరకు లేవడం కొన్నాళ్లు మానండి, అయిదున్నర దాకా పడుకోండి. రోజుకు ఇన్ని అధ్యాయాలని లెక్క పెట్టుకోకండి. ఒక్క అధ్యాయమే వారమంతా చదవండి, సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం. హన్నా కథ మీకు సండే స్కూల్ నుంచీ తెలుసు, బిడ్డ లేని తల్లి ప్రార్థనగా. ఈసారి కోడలిగా చదవండి. ఏటా దేవుని మందిరానికి పోయినప్పుడల్లా సవతి పెనిన్నా ఆమెను సతాయించేది. అంతా కలిసి ఆరాధనకు వెళ్లిన చోటే ఆ బాధ. హన్నా అన్నం తినక ఏడుస్తుంటే భర్త ఎల్కానా, పదిమంది కొడుకులకంటే నేను నీకు ఎక్కువ కానా అన్నాడు. మంచివాడే, ఆమెకు రెట్టింపు వంతు కూడా పెట్టాడు. ఆ పెనిన్నాకు మాత్రం ఒక్క మాట చెప్పినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. చివరికి హన్నా లేచి వెళ్లి ఒంటరిగా ప్రార్థించింది. పెదవులు కదిలాయి, గొంతు బయటికి రాలేదు. అది చూసి యాజకుడు ఏలీ, తాగి వచ్చిందనుకున్నాడు. ఆ గొంతు లేని ప్రార్థన మీకిప్పుడు సరిపోతుంది. బడికి నడుచుకుంటూ పోతూ పెదవులు కదపండి చాలు. మాటలు రాకపోతే నిట్టూర్చండి.

ఇంకొకటి. బంగారం మీద ఆశ అన్న మాటను మీరు మీ ఉత్తరంలో మీమీదే వేసుకుని రాశారు, "నాకు ఆశ ఉన్నదేమో" అని. లేదమ్మా. మీది మీరు అడిగారు. మరిది బోరులో నీళ్లు పడ్డాయో లేదో మీరు రాయలేదు. పడకపోతే గొలుసు ఇప్పట్లో రాదు, ఆ మాట కూడా మీ ఆయన నోటితోనే వినాలి. బ్యాంకు రసీదు ఎవరి దగ్గరుందో, వడ్డీ ఎవరు కడుతున్నారో, గడువు ఎప్పుడో అడిగి తెలుసుకోండి. రసీదు అత్తమ్మ బీరువాలో ఉంటే మీ ఆయనతోనే తెప్పించుకుని మీ బైబిల్లో పెట్టుకోండి. హన్నా దగ్గర పెట్టండి, ఎట్లాగూ ఈ వారమంతా ఆ పేజీయే తెరుస్తారు.