మీ అబ్బాయి టైం వేస్ట్ చేయడం లేదండీ

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాశారు. కొడుకు ఈఈఈ మూడో ఏడాది, రాత్రి రెండింటిదాకా ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఏదో పవర్ సప్లై సర్క్యూట్ గీసుకుంటూ కూర్చుంటాడట, ఫ్రెండ్సంతా ఏఐ కోర్సుల్లో చేరిపోయారట. వీణ్నీ చేర్పించాలా, రెండింట్లో ఏది మేలో చెప్పమన్నారు.

ఊరు పేరు మారుతుందంతే, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పిల్లాడు వెనకబడిపోతాడేమోనన్నదే మీ టెన్షన్.

ముందు వాడు చేస్తున్నదేంటో వినండి. సాధారణంగా మొదట చేసేది 12 వోల్టుల్ని 5 వోల్టులు చేసి 2 ఆంపియర్లు ఇచ్చే సర్క్యూట్. ఎక్కువైన వోల్టేజీని వేడిగా వదిలేసే లీనియర్ రెగ్యులేటర్ పెడితే బయటికొచ్చేది 10 వాట్లు, వేడిగా పోయేది 14 వాట్లు! అదే మాస్ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌ని సెకనుకు లక్షసార్లు ఆన్ ఆఫ్ చేసి, ఒక కాయిల్, డయోడ్, కెపాసిటర్ పెడితే ఆ వేడి చాలావరకు తప్పుతుంది. మీ ఫోన్ చార్జర్, సోలార్ ఇన్వర్టర్, ఎలక్ట్రిక్ బండి చార్జర్ అన్నీ ఈ విద్య మీదే నడుస్తాయి.

మూడు నెలల ఏఐ కోర్సుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. లెక్కలు రాకుండా ఎవరో రాసిన కోడ్ నడిపించి సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లలు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోయి మళ్లీ నా దగ్గరికే వస్తున్నారు. అలాగని చదివిన బ్రాంచ్‌కి చెందిన కోర్ ఉద్యోగాలు క్యాంపస్‌కి గుంపుగా వస్తాయని చెప్పను, మొదటి జీతం తక్కువే ఉండొచ్చు. పైథాన్ సెలవుల్లో నేర్చుకోనివ్వండి, అడ్డేం లేదు.

కోపం తెచ్చుకోకండి గానీ, అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు కొనుక్కునే రోజుల్లో ఎవరూ చెప్పకుండా పని చేసుకుంటున్న పిల్లాడి మీదా మీ ఫిర్యాదు? ఒక్కసారైనా పక్కన కూర్చుని "ఇదేంట్రా" అని అడిగారా?

నా భయమల్లా వాడు స్క్రీన్ దగ్గరే ఆగిపోతాడేమోనని. సిమ్యులేషన్‌లో మామూలుగా పెట్టే కాయిల్ ఎంత కరెంటైనా మోస్తుంది, బజారు కాయిల్ కరెంటు హద్దు దాటితే శాచురేట్ అయి, అంటే కరెంటుని అదుపు చేసే శక్తి పోగొట్టుకుని, మాస్ఫెట్‌ని కాల్చేస్తుంది. లెక్కకి 47 మైక్రోహెన్రీల కాయిల్ సరిపోయినా, లోడ్ 2 ఆంపియర్లున్నప్పుడు కాయిల్‌లో కరెంటు 2.3 దాకా ఎగుస్తుంది, అందుకని కోఠి గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు 3 ఆంపియర్లకు పైగా తట్టుకునేదే అడగమనండి. ఆ కోర్సు ఫీజులో కొంచెం చేతిలో పెట్టి పంపండి. మొదటి మాస్ఫెట్ కాలితే తిట్టకండి. 12 వోల్టుల అడాప్టర్‌తోనే చేయమనండి, 230 వోల్టుల జోలికి మాత్రం ల్యాబ్‌లో సార్ పక్కన లేకుండా వెళ్లొద్దని గట్టిగా చెప్పండి.