టీవీ ముందు నుంచి లేచిపోయిన తమ్ముడు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. తమ్ముడికి 22 ఏళ్లు, డిగ్రీ అయిపోయింది. మొన్న అందరం టీవీలో సినిమా చూస్తుంటే, ఒళ్లు తిప్పుకుంటూ నడిచే ఒకతన్ని హీరో ఫ్రెండ్స్ ఏడిపించే సీన్ వచ్చింది. మేము పడీపడీ నవ్వాం. వాడు లేచిపోయాడు. రాత్రి మిద్దె మీద అడిగితే తనకు మగవాళ్లంటేనే ఇష్టమని చెప్పి, "నువ్వు కూడా నవ్వితివి గదక్కా" అన్నాడు. సినిమాల్లో ఇట్లాంటోళ్లు జోకర్లో, విలన్లో, లేదంటే చచ్చిపోతారు. వీడి గతేంటి? డాక్టరుకు చూపించాలా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

జవాబు: అమ్మా, సినిమాలో మన సీమ ఎట్లుంటుంది? కొండారెడ్డి బురుజు, గాల్లోకి లేచే సుమోలు, మాటకు ముందే వేటకొడవలి. మీ వీధిలో ఎన్ని బాంబులు పేలాయో చెప్పండి! ఆ కథలు రాసినవాళ్లకు ప్రొద్దుటూరు ఎంత తెలుసో, మీ తమ్ముడి లాంటివాళ్ల గురించీ అంతే తెలుసు. మీరు మాత్రం వాణ్ని ఎత్తుకుని పెంచారు. వాడెలాంటివాడో ఆ సినిమాను అడగడమెందుకు?

డాక్టరు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 'మారుస్తాం' అని వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. కడపలోనో కర్నూలులోనో ఎవరైనా అట్లా అంటే రూపాయి కట్టకండి. నేరమూ కాదు, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చేసింది.

నాకు మీ సినిమా భయం కంటే, మీ నవ్వు గురించి వాడన్న మాటే పెద్దదనిపించింది. తెరమీద వాళ్లు నవ్వితే ఓర్చుకున్నాడేమో, అక్క నవ్వితే తట్టుకోలేకపోయాడు. ఈ రోజే కూర్చోబెట్టి, "ఆ రోజు నవ్వినందుకు బాధగా ఉందిరా" అనండి. మళ్లీ అట్లాంటి సీన్ వస్తే "ఇందులో నవ్వేదేముంది?" అని మీరే అనాలి. వాడే ఆ మాటంటే అందరి చూపూ వాడి మీదికే పోతుంది, అక్క అంటే ఎవరూ పట్టించుకోరు.

అమ్మానాన్నలకు వాడు ఒప్పుకోకుండా చెప్పొద్దు. ముందు ఆ సంబంధాలు ఆపించండి. ఉద్యోగం రానీ అంటే కొంతకాలం గడుస్తుంది. పెళ్లయితే సర్దుకుంటుందని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోకండి, ఆ వచ్చే పిల్ల బతుకు కూడా ఉంది కదా.

తిండీ నిద్రా మానేసినా, చావు మాట ఎత్తినా ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. వాడు వద్దంటే మీరే చేసి అడగండి.