కొనేవాడి కుర్చీలోంచి: టెండర్లు వేస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. పాఠశాలల బల్లల టెండరులో నీ బిడ్‌ను సాంకేతిక పరిశీలనలోనే పక్కన పెట్టారనీ, ధరల కవరు తెరవనే లేదనీ, ఆ దిగులుతో నువ్వు రెండు రోజులు ఆటోనగర్ షెడ్డుకే వెళ్లలేదనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. "అంతా ముందే మాట్లాడేసుకున్నారు మామయ్యా" అని నువ్వన్న మాట నన్ను బాధపెట్టింది. అలా జరిగే చోట్లు లేవని నేను అనను. కానీ నువ్వు పంపిన కాగితాలన్నీ నిన్న రాత్రి కూర్చుని చూశాను. నీ చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చిన టర్నోవరు ధ్రువపత్రం మీద యు.డి.ఐ.ఎన్. నంబరు, అంటే ఆ కాగితం అసలుదో కాదో సరిచూసుకోవడానికి వేసే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, లేదు. 2019 ఫిబ్రవరి నుంచి అకౌంటెంట్లు ఇచ్చే ధ్రువపత్రాలకు ఆ నంబరు తప్పనిసరి, పైగా టెండరు పత్రంలోనూ స్పష్టంగా అడిగారు. అది లేని కాగితాన్ని ఒప్పుకుంటే, నీ వెనుక నిలబడ్డ ఇంకో బిడ్డరు "నాకు వర్తించిన షరతు ఆయనకెందుకు వర్తించలేదు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు లేని పని ఏ అధికారీ చేయడు. ముప్పై ఒక్క సంవత్సరాలు కొనుగోలు విభాగంలో పనిచేసినవాడిగా, ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం కనపడుతుందో, ఏం భయమేస్తుందో నీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రైవేటు పాఠశాల కరస్పాండెంటు నీ షెడ్డుకు వస్తాడు, బల్లను చేత్తో ఊపి చూస్తాడు, నచ్చితే బేరమాడి అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చి వెళతాడు. డబ్బు ఆయనది, నష్టమైతే ఆయనదే. ప్రభుత్వంలో అలాంటి మనిషి ఒక్కడూ ఉండడు. బల్లలు కావాలన్నది ప్రధానోపాధ్యాయుడు, లెక్క కట్టేది ఇంజనీరు, డబ్బుందో లేదో చెప్పేది ఆర్థిక శాఖ, బిడ్లు పరిశీలించేది ఒక కమిటీ, సరుకు దించుకునేది ఇంకొకరు, బిల్లు పెట్టేది డ్రాయింగ్ అధికారి, డబ్బు విడుదల చేసేది ఖజానా, ఇదంతా అయిపోయిన రెండు మూడేళ్లకు వచ్చి ఎందుకు కొన్నారని అడిగేది ఆడిట్. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం రాష్ట్రం చేసుకునే ఒప్పందం గవర్నరు పేరు మీదే ఉండాలి. కాబట్టి నువ్వు అమ్ముతున్నది బల్ల ఎదుట నిలబడ్డ అధికారికి కాదని ముందు మనసులో పెట్టుకో. ఆయనకు కావలసినవి రెండు: ఒకటి మంచి బల్ల, రెండోది ఆ బల్లను ఆ ధరకు ఆ మనిషి దగ్గరే ఎందుకు కొన్నామో చెప్పగలిగే ఫైలు. మొదటిదాని గురించి నీకు నేను చెప్పవలసింది లేదు, నీ వెల్డింగు నేను చూశాను. నువ్వు తప్పుతున్నది రెండోదానిలో.

జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 144వ నిబంధన ఒక్కసారి చదువు. అది కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు సంబంధించినదే అయినా, అందులోని భావమే మన రాష్ట్రాల నియమావళిలోనూ, జీవోల్లోనూ కనిపిస్తుంది. కొనే అధికారం ఉన్నవాడు పొదుపుకూ, పారదర్శకతకూ, సరఫరాదారులందరినీ సమానంగా చూడడానికీ, పోటీని పెంచడానికీ బాధ్యుడని అది చెబుతుంది. నీకు చిరాకు తెప్పించిన ప్రతి కాగితమూ ఈ నాలుగు మాటల్లో ఏదో ఒకదాన్నుంచి పుట్టిందే. తమిళనాడుకు 1998లో, కర్ణాటకకు 1999లో ఇందుకోసం ప్రత్యేక చట్టాలే వచ్చాయి. ఎప్పుడైనా బెంగళూరు వైపు టెండరు వేయాలనుకుంటే అక్కడి చట్టం చదవకుండా వేయకు.

ఇక ఫైలు నడక సంగతి. నువ్వు పోర్టల్లో టెండరు ప్రకటన చూసిన రోజే కథ మొదలైందనుకుంటావు, కానీ అప్పటికి కొనేవాడి పని సగం అయిపోయి ఉంటుంది. పాఠశాలల నుంచి ఇండెంట్లు, అంటే ఏవి ఎన్ని కావాలో రాసిన కోరికల పత్రాలు, రావాలి, ఏ పద్దులో డబ్బు ఉందో చూడాలి, పరిపాలనా ఆమోదం తెచ్చుకోవాలి, అంచనా వేయాలి, సాంకేతిక వివరాలు రాయాలి. అంచనా వేసేటప్పుడు అతను గతంలో కొన్న ధర చూస్తాడు, ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ బజారైన జెమ్ పోర్టల్లో ఉన్న ధర చూస్తాడు, ఒకటి రెండు సంస్థలను బడ్జెటరీ కొటేషన్, అంటే అంచనా కోసం ఉజ్జాయింపు ధర, అడుగుతాడు. నిన్ను ఎవరైనా అలా అడిగితే, "ఇది ఆర్డరు కాదు కదా" అని నిర్లక్ష్యం చేయకుండా, రవాణా, జీఎస్టీ, బిగింపు ఖర్చు విడివిడిగా చూపించి నిజాయితీగా ఇవ్వు. నువ్వు పెంచి చెబితే అంచనా పెరిగి, రేపు తక్కువకు వేసినవాడి ముందు నీ మాట తేలిపోతుంది. తగ్గించి చెబితే ఆ అంచనాలోనే రేపు నువ్వు సరఫరా చేయలేక చిక్కుకుంటావు.

సాంకేతిక వివరాల గురించి నా సొంత తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజుల్లో వసతి గృహాలకు ఇనుప మంచాలు కొనవలసి వచ్చింది. "దృఢమైన, నాణ్యమైన ఇనుప గొట్టంతో చేసిన మంచం" అని రాశాను. అందరికన్నా తక్కువ వేసిన సరఫరాదారు మంచాలు దించాడు. రంగు నిగనిగలాడుతూ ఉంది, చూడముచ్చటగా ఉన్నాయి. ఆరు నెలలకు ఒక వార్డెను కబురు పెడితే వెళ్లి చూశాను. పిల్లవాడు అంచు మీద కూర్చుంటే చాలు, కాలు లోపలికి ముడుచుకుపోతోంది. విరిగిన చోట స్క్రూగేజి పెట్టి చూస్తే గొట్టం మందం మిల్లీమీటరు కూడా లేదు. సరఫరాదారును నిలదీస్తే, "ఎంత మందం ఉండాలో మీరెక్కడ రాశారు సార్?" అని తిరిగి అడిగాడు. అతని మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే దృఢత్వాన్ని కొలిచే టేపు ఎక్కడా లేదు. ఆ పిల్లలు ఆ ఏడాదంతా నేల మీదే పడుకున్నారు. ఆడిట్ పేరా నా పేరు మీద వచ్చింది, జవాబిచ్చుకున్నాను, కానీ నేల మీద పరిచిన ఆ చాపలు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. ఆ తర్వాత నేను రాసిన ఏ వివరంలోనూ విశేషణం లేదు. గొట్టం 18 గేజి, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు అని, ఒక్కో మంచం బరువు ఇంతకు తగ్గరాదని, అతుకు చుట్టూ పూర్తిగా వెల్డింగు ఉండాలని, రంగు వేయకముందే ఒకసారి తనిఖీ చేస్తామని రాసేవాణ్ని.

కాబట్టి టెండరు పత్రంలో షరతులు ఎక్కువగా కనపడగానే అవి నిన్ను తప్పించడానికే పెట్టారనుకోకు. వాటిలో చాలావాటి వెనుక ఎవరికో ఒకప్పుడు తగిలిన ఎదురుదెబ్బ ఉంటుంది. అయితే ఒకే కంపెనీ బ్రాండు పేరు రాసి "తత్సమానం" అన్న మాట కూడా చేర్చకపోయినా, నీలాంటి చిన్న సంస్థ అందుకోలేని టర్నోవరు అకారణంగా పెట్టినా, ఊరుకోవద్దు. బిడ్లు వేయకముందు సందేహాల కోసం పెట్టే ప్రీ-బిడ్ సమావేశంలో లేచి మాట్లాడి, అదే మాటను గడువులోగా రాతపూర్వకంగా కూడా ఇవ్వు. నోటితో అడిగిన ప్రశ్నకు నోటితోనే జవాబు వస్తుంది, అది ఫైల్లో ఉండదు. రాసి ఇచ్చిన ప్రశ్నకు జవాబు అందరికీ కనపడేలా సవరణ ప్రకటనగా రావలసి ఉంటుంది. మంచి అధికారికి అలాంటి ప్రశ్న భారం కాదు, తన తప్పు ముందే బయటపడినందుకు అతను సంతోషిస్తాడు. ఇదే అభ్యంతరాన్ని ధరలు తెరిచాక, ఓడిపోయాక లేవనెత్తితే మాత్రం ఎవరూ వినరు. న్యాయస్థానం కూడా, ఒక టెండరు వివాదంలో సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన టాటా సెల్యులార్ తీర్పు నుంచి, అధికారి తీసుకున్న నిర్ణయం ఎలాంటిదన్నదాని కన్నా, ఆ నిర్ణయానికి వచ్చిన పద్ధతి సవ్యంగా ఉందా లేదా అన్నదే చూస్తుంది.

తక్కువ ధర వేసినవాడికే ఎందుకు ఇస్తారన్నది నీ రెండో ఫిర్యాదు. అందరి ధరలూ పక్కపక్కన పెట్టే కంపారిటివ్ స్టేట్‌మెంటు తయారుచేసిన రాత్రులు నాకు గుర్తే. ఒక పక్క ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడు, అతని పనితనం మీద నాకు నమ్మకం లేదు. పక్క గడిలో ఎల్-2, అంటే అతని తర్వాతి ధరవాడు, మంచి పనివాడు, యాభై రూపాయలు ఎక్కువ. నా సొంత ఇంటికైతే రెండోవాడి దగ్గరే కొంటాను. కానీ "నాకు నమ్మకం లేదు" అన్నది నోట్ ఫైల్లో రాయగలిగిన కారణం కాదు. నాణ్యతను ముందు వడపోతలోనే, అంటే సాంకేతిక వివరాలలోనూ, నమూనా తనిఖీలోనూ, అనుభవపు షరతులోనూ పట్టుకోవాలి. అక్కడ నెగ్గినవాళ్లందరూ సమానమే, ఇక మిగిలేది ధరే. ధరలు తెరిచాక ఎల్-1తో తప్ప ఎవరితోనూ బేరమాడకూడదని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007లోనే చెప్పింది. అందుచేత ఫలితం తెలిశాక "ఇంకో అయిదు రూపాయలు తగ్గిస్తాను సార్" అని ఫోను చేయడం మానుకో. అది ఆ అధికారిని ఇరకాటంలో పెట్టడమే, నీకూ మచ్చే.

నీకు దక్కవలసిన వెసులుబాట్లు మాత్రం వదులుకోకు. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషను ఇంకా చేయించలేదన్నావు, ఈ వారమే చేయించు. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలన్నది విధానం. నీ ధర ఎల్-1 కన్నా 15 శాతం లోపు ఎక్కువగా ఉంటే, ఆ ధరకు దిగి వచ్చి కొంత భాగం సరఫరా చేసే అవకాశం నీకు ఇస్తారు, బిడ్‌తో పాటు హామీగా కట్టే ధరావతు సొమ్ము నుంచి మినహాయింపు కూడా ఉంటుంది. రాష్ట్ర టెండర్లలో ఏది వర్తిస్తుందో ఆ టెండరు పత్రంలోనే చూసుకోవాలి, ఊహించుకుని ధరావతు కట్టడం మానేస్తే మళ్లీ మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోతావు.

ఆర్డరు వచ్చాక జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. నోటి మాట మీద ఒక్క బల్ల కూడా పంపకు. నా రోజుల్లో ఒక సరఫరాదారు, ఒక అధికారి "ఇంకో నలభై మంచాలు కూడా పంపేయండి, కాగితం తర్వాత ఇస్తాను" అంటే నమ్మి పంపాడు. ఆ అధికారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఫైలు తిరగేసి, ఇందులో ఆర్డరు లేదు గదా అన్నాడు, ఆయన అన్నదీ నిజమే. ఆ నలభై మంచాల డబ్బు కోసం ఆ పెద్దమనిషి ఏళ్ల తరబడి తిరగడం నేను కళ్లారా చూశాను. ముఖ్యంగా మార్చి నెలలో ఇలాంటి ఒత్తిడి వస్తుంది, ఎందుకంటే 31వ తేదీ దాటితే ఖర్చు కాని నిధులు మురిగిపోతాయి. ఆ తొందర వాళ్లది, దాన్ని నువ్వు అర్థం చేసుకోవాలి గానీ నెత్తిన వేసుకోకూడదు. సవరించిన ఆర్డరు చేతికి వచ్చాకే లారీ కదలాలి.

బిల్లు ఆలస్యమైతే ఆ కార్యాలయం మీద విరుచుకుపడే ముందు, అది ఎక్కడ ఆగిందో కనుక్కో. స్టాకు రిజిస్టరులో నమోదు కాలేదా, తనిఖీ నివేదిక రాలేదా, ఖజానా వాళ్లు కొర్రీ వేశారా, లేక బడ్జెట్ విడుదల కాలేదా అన్నదాన్ని బట్టి నువ్వు వెళ్లవలసిన తలుపు మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో బిల్లు ఎక్కడుందో రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ అయిన సీఎఫ్ఎంఎస్‌లో చూసుకోవచ్చు. జెమ్‌లో అయితే సరుకు అందినట్టు, అంగీకరించినట్టు ధ్రువపత్రం వచ్చాక పది రోజుల్లో చెల్లించాలన్నది నియమం. చిన్న సంస్థల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు రావాలి. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగవచ్చు, ఇలాంటి బకాయిల తగవులు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిలుకు వెళ్లవచ్చు. ఆ హక్కు నీకుంది. అయినా మొదటి రెండు మూడు ఆర్డర్లకు ఆరు నెలలు డబ్బు రాకపోయినా షెడ్డు నడిచేంత పెట్టుబడి ఉంటేనే అడుగు వెయ్యి. అప్పు చేసి సరఫరా చేయాలనుకుంటే, ఈసారికి చిన్న పరిమాణం ఉన్న టెండరే చూసుకో.

ఇంకొక్క మాట, ఇది కఠినంగానే చెబుతున్నాను. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకు. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టంలో లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతంగా ఇవ్వవలసి వచ్చినవాడు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తేనే అతనికి రక్షణ. అంతకన్నా ముఖ్యం, ఒకసారి ఇచ్చావంటే ఆ తర్వాత నీ బల్ల మంచిదై ఉండవలసిన అవసరమే లేకుండా పోతుంది, నీ చేతిలో ఉన్న విద్యకు విలువ పోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఇ-ప్రొక్యూర్‌మెంటు రాకముందు టెండరు పెట్టె దగ్గరికే ఎవరినీ రానివ్వకుండా మనుషులు కాపు కాసేవారు. చిన్నవాళ్లు కవరు వేయలేక గేటు దగ్గర్నుంచే వెనుదిరిగి పోవడం చూశాను. ఇవాళ నువ్వు నీ షెడ్డులోంచే బిడ్ వేయగలుగుతున్నావంటే, ఆ మార్పు కోసం ఎంతమంది నిజాయితీపరులైన ఉద్యోగులు శ్రమపడ్డారో నాకు తెలుసు.

తర్వాతి టెండరుకు మూడు వారాల గడువు ఉందనుకో. మొదటి వారంలో పత్రం అంతా చదివి, అడిగిన కాగితాలకు ఒక పట్టిక రాసుకుని, ఎదురుగా నీ కాగితం పేజీ నంబరు వెయ్యి. రెండో వారంలో ఆ కట్ట నాకు పంపు. నిన్ను గెలిపించాలన్న మేనమామగా చదవను. నిన్ను పక్కన పెట్టడానికి కారణం వెతికే పరిశీలనాధికారిగా చదివి, నాకు దొరికిన కొర్రీలన్నీ ఎర్ర సిరాతో రాసి పంపుతాను. వచ్చేటప్పుడు నమూనా బల్ల కాలు ఒకటి కోసి తీసుకురా. నా పాత స్క్రూగేజి ఇంకా పనిచేస్తోంది.

అక్కయ్యకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య