పెద్దకూర డబ్బాలు, క్రెడిట్ కార్డు బాకీ

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికొచ్చే జీతం 46 వేలు. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో తింటాను. రాత్రికి యాప్‌లో ఆర్డర్ పెడితే సగటున 290 రూపాయలవుతోంది. ఇకపై ఆదివారం పెద్దకూర, కూరగాయలు కలిపి స్టిర్ ఫ్రై చేసి ఐదు డబ్బాలకు సర్దుకుందామని ఆలోచన. ముప్పావు కిలో మాంసం 300, కూరగాయలు 120, బియ్యం, నూనె, సోయా సాస్, గ్యాస్ కలిపి 80. అంటే పూటకు 100. నెలకు 20 పూటలకు 3,800 మిగులుతుంది. దాంతో సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టుబడి) మొదలుపెట్టనా? కార్డు మీద 40 వేల బాకీ ఉంది, నెలకు 2,000 కడుతున్నాను.

జవాబు: పూటకు వంద అన్న లెక్క బాగానే ఉంది. నాకు నమ్మకం లేనిది ఆ 20 మీదే. వండిన మాంసం ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు. ఆదివారం వండింది శుక్రవారం తినలేరు. మూడు డబ్బాలు ఫ్రిజ్‌లో పెట్టి, మిగతా రెండు పూటల మాంసం చల్లారగానే ఫ్రీజర్‌లో పెట్టండి. ఆ రెండు రోజుల కూరగాయలు మాత్రం అప్పటికప్పుడు వేయించుకోండి, ఫ్రీజర్‌లోంచి తీసిన క్యాప్సికం చప్పబడిపోతుంది. ఇంత చేసినా శుక్రవారం స్నేహితులు పిలిస్తే మీరు డబ్బా తెరవరు. నేనైతే 14 పూటలే రాసుకుంటాను. మిగిలేది 2,660.

మొదటి వారమే ముక్క నమల్లేక వదిలేస్తే ఈ లెక్కంతా వృథా, అందుకే వంట గురించి కూడా చెబుతున్నాను. మన దగ్గర దొరికేది ఎక్కువగా గేదె మాంసం. కూరకైతే కుక్కర్ చూసుకుంటుంది, వేపుడుకు ఆ వీలుండదు. గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి, కాస్త బిగిశాక నారకు అడ్డంగా పల్చగా కోయండి. సోయా సాస్, చెంచా కార్న్‌ఫ్లోర్, చిటికెడు వంటసోడా పట్టించి అరగంట ఉంచండి. కడాయి బాగా కాలాక కొద్దికొద్దిగా వేసి వేయించి తీయండి. అంతా ఒక్కసారే వేస్తే నీరూరి ఉడుకుతుంది గానీ వేగదు. నేను ఓసారి కిలో మొత్తం గుమ్మరించి, చివరికి దాన్ని పులుసు చేసుకున్నాను.

ఇక సిప్ సంగతి. ఇప్పుడొద్దు. మీ స్టేట్‌మెంట్ తీసి వడ్డీ రేటు చూడండి. నెలకు 3.5 శాతం అనుకుంటే 40 వేల మీద 1,400 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. మీరు కట్టే 2,000లో అసలుకు పోయేది 348 రూపాయలే! ఇలాగే కడితే బాకీ తీరడానికి మూడున్నరేళ్లు దాటుతుంది. ఆ 2,660 కూడా కలిపి నెలకు 4,660 కడితే 11 నెలల్లో తీరిపోతుంది. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ, అంత రాబడి ఇస్తానని ఏ మ్యూచువల్ ఫండూ హామీ ఇవ్వని చోట డబ్బు పెట్టడం దేనికి?

మీరు అడగని విషయం ఇంకొకటుంది. పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. అదే కార్డుతో ఈ రాత్రి బిర్యానీ తెప్పిస్తే దాని మీదా వెంటనే వడ్డీ మొదలవుతుంది. యాప్‌లోంచి కార్డు వివరాలు తీసేయండి. ఆర్డర్ పెట్టక తప్పని రోజున యూపీఐతో ఖాతాలోంచే కట్టండి.

జీతం పడిన రోజే 4,660 కార్డుకు పంపేయండి, నెలాఖరు దాకా ఆగితే అది మిగలదు. బాకీని ఈఎంఐగా మారుస్తారేమో బ్యాంకును అడగండి, సాధారణంగా వడ్డీ తగ్గుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే పడే ఛార్జీ కనుక్కున్నాకే ఒప్పుకోండి. కొత్త నాన్‌స్టిక్ సెట్టు మాత్రం కొనకండి, ఇంట్లో ఇనప కడాయి ఉంటే చాలు.