‘రాత్రినీడ’కు నారు పోయవచ్చా?

సందేహం: బాల్కనీలో పెంచుదామని ఈమధ్య ఒక విత్తనాల పొట్లం కొన్నాను. దాని మీద ‘ఆర్నమెంటల్ నైట్‌షేడ్స్’ అని ఉంది. అందులో మూడు రకాలున్నాయి. ఒకదానికి ఆకు ఈనె పొడవునా నారింజరంగు ముళ్లు వస్తాయి. ఇంకోటి ఆవు పొదుగులాంటి పసుపు కాయలు కాస్తుంది. మూడోది రేకు మీద రేకుగా ఊదా పూలు పూసే ఉమ్మెత్త. కుండీల దగ్గర పేర్లు రాసి పెట్టమని అపార్ట్‌మెంటు వాళ్లు అడిగితే, ‘రాత్రినీడ మొక్కలు – విత్తనాలు నాటిన తేదీ ఫలానా’ అని చీటీ పెట్టాను. ‘రాత్రినీడ అంటే రాత్రిరాణేనా?’ అని పక్కింటావిడ అడిగారు. ‘విత్తనాలు నాటడమేమిటమ్మా, నారు పోశానను’ అన్నారు మా అత్తగారు. ‘వంకాయ మొక్కల్లాగే ఉన్నాయి’ అని నేనంటే, ‘వంగమొక్క అనాలి’ అని మావారు దిద్దారు. ఇందులో ఎవరి మాట ఒప్పు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ముందుగా మీ అత్తగారికి నమస్కారం చెప్పండి. ఆవిడ మాటే ఒప్పు, ఎందుకో తర్వాత చెబుతాను. చీటీ మీద పేరు సంగతి మొదట చూద్దాం.

‘రాత్రినీడ’లో వ్యాకరణదోషం ఏమీ లేదు. ‘రాత్రి’ సంస్కృతం నుంచి వచ్చింది, ‘నీడ’ అచ్చతెలుగు. ఇలాంటి కలయికలు మనకు బోలెడు. చిక్కంతా అర్థంతోనే. ఇంగ్లీషువాళ్ల పాత భాషలోనే ‘నైట్‌షేడ్’ అనే ఈ మాట ‘నిహ్త్‌స్కాద’ అనే రూపంలో ఉంది, జర్మన్‌లో ఇప్పటికీ ‘నాఖ్ట్‌షాటెన్’ అంటారు. రాత్రీ నీడా రెండూ కనిపిస్తున్నా, ఆ మొక్కకు ఆ పేరెందుకు వచ్చిందన్న దాని మీద అక్కడి నిఘంటుకారులే ఒక మాట మీద లేరు. సొంత ఊళ్లోనే అర్థం మాసిపోయిన పేరును మనం ముక్కలు చేసి, ముక్కకు ముక్క తెచ్చి అతికిస్తే వినేవాడికి ఏమి బోధపడుతుంది? రాత్రిపూట పూసేదో, నీడలో పెంచాల్సిందో అనుకుంటాడు. మీ మొక్కల్లో మొదటి రెండూ పగలే పూస్తాయి, మూడూ ఎండ కావాలంటాయి. మీ చీటీని నమ్మి ఎవరైనా కుండీని నీడకు జరిపారంటే మొక్క సన్నగా సాగిపోతుంది తప్ప పూయదు.

పక్కింటావిడ పొరబాటు పడ్డారనీ అనలేను. ‘రాత్రి’ అని వినగానే మనవాళ్లకు రాత్రిరాణి గుర్తుకు రావడం సహజం. తమాషా ఏమిటంటే రాత్రిరాణి కూడా ఈ కుటుంబంలోదే! వంగ, మిరప, టమాటా, బంగాళాదుంప, పొగాకు, ఉమ్మెత్త, పెన్నేరు, కుండీల్లో పూసే పెటూనియా, అన్నీ ఒకే గోత్రం. ఇంటర్మీడియట్‌లో తెలుగు మాధ్యమంలో వృక్షశాస్త్రం చదివినవారికి ఫాబేసి, లిలియేసి పక్కన ‘సొలనేసి’ అనే మాట గుర్తుండే ఉంటుంది. ఆ కుటుంబమే ఇది. పుస్తకానికి ఆ మాట చాలు. బాల్కనీలో నిలబడి ‘ఇవి సొలనేసి కుటుంబపు మొక్కలండీ’ అంటే మాత్రం క్లాసు పీకినట్టుంటుంది.

మరి మన మాట ఏది? ఈ గోత్రమంతటికీ కలిపి తెలుగువాళ్లు ఒక్క పేరు పెట్టుకోలేదు. అది లోపమని నేననుకోను. మనవాళ్లు మొక్కలకు పేరు పెట్టే పద్ధతే వేరు. తెలిసిన మొక్క పేరు ఒకటి తీసుకుని, దాని ముందు ఒక చిన్న మాట తగిలిస్తారు. నేల, కొండ, అడవి, ఏటి, సీమ, ముళ్ల, పిచ్చి, చేదు, రామ, ఇలాంటివి. సీమచింత, చేదుబీర, ఏటిపుచ్చ, నేలవేము, పిచ్చికుసుమ అన్నీ అలా పుట్టినవే. ముందున్న మాట తేడా చెబుతుంది, వెనకున్న మాట పోలిక చెబుతుంది.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ టమాటా. కోస్తాలో వెనకటి తరం వాళ్లు దాన్ని రామములక్కాయ అనేవారు. మా ఇంట్లో పెద్దవాళ్లు చివరిదాకా టమాటా అనలేదు. ఈ ‘ములక’ మునగ కాదు. మునక్కాడను కూడా ములక్కాడ అంటాం కాబట్టి ఈ గందరగోళం మామూలే. ఇది ‘నేలములక’లోని ములక, అంటే బీడు భూముల్లో నేలకు కరుచుకుని, ఆకు నిండా ముళ్లతో, ఊదాపూలు పూసి, చారల కాయలు కాసే మొక్క. పండితే ఆ కాయ పసుపుపచ్చగా మారుతుంది. దాన్నే వాకుడు అని కూడా అంటారు. అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చిన టమాటాను చూసి, ‘ఇది మన ములక జాతిదే, కాకపోతే తినే ములక’ అని ఎవరో రైతు గుర్తుపట్టి ‘రామ’ తగిలించాడు. స్వీడన్‌లో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1753లో టమాటానూ వంగనూ ‘సొలానమ్’ అనే ఒకే పేరు కింద చేర్చాడు. ఆయన పుస్తకం చదవకుండానే మనవాళ్లు కూడా ఆ చుట్టరికాన్నే కనిపెట్టారు. పువ్వు చూస్తే చాలు కదా! అయిదు రేకులు, నడుమ పసుపుపచ్చని కేసరాలు ఒక ముద్దగా ఉంటాయి.

ఇంతకీ ఈ గోత్రం మొక్కలు మీ ఇంటికి కొత్తవేమీ కావు. ఏటా వినాయకచవితికి మీ గడప తొక్కుతూనే ఉన్నాయి. ఇరవైఒక్క పత్రుల్లో రెండోది బృహతీపత్రం, అయిదోది దత్తూరపత్రం. బృహతి అంటే ములక, కొన్ని పుస్తకాల్లో వాకుడు అని ఉంటుంది. దత్తూరం అంటే ఉమ్మెత్త. మొదటిదైన మాచీపత్రాన్ని చూసి కొందరు కాకమాచి అనుకుంటారు గానీ అది వేరు. సువాసన వచ్చే మాచిపత్రి చామంతి కుటుంబానిది. కాకమాచి అంటే మన కామంచి, నల్లటి చిట్టిపండ్ల మొక్క. తెలంగాణలో కాశపండ్లు అంటారు. అసలు ఇంగ్లీషులో ‘బ్లాక్ నైట్‌షేడ్’ అని పిలిచేది ఈ కామంచి రకాన్నే.

ఉమ్మెత్త మాట వచ్చింది కాబట్టి దాని సంగతీ చెప్పుకుందాం. సంస్కృతంలో ‘ఉన్మత్త’ అంటే మతి చలించినది. న-మ కలిసి మ్మ అయి, అది తెలుగులో ఉమ్మెత్త అయింది. కాయ తింటే ఏమవుతుందో పేరులోనే హెచ్చరిక పెట్టారన్నమాట. దీని రెండో సంస్కృతనామం ధత్తూరం హిందీలో ధతూరా అయింది. అక్కడి నుంచి తీసుకుని శాస్త్రజ్ఞులు లాటిన్ పేరుగా ‘డాటురా’ అని పెట్టారు. మీ పొట్లం మీద డాటురా అని ఉంటే అది పరాయిమాట అనుకోకండి, పేరంటానికి వెళ్లి తిరిగొచ్చిన మన పిల్లే. దీనికి కొత్త పేరు వెతకక్కర్లేదు. ‘ముద్ద ఉమ్మెత్త’ అనండి. రేకు మీద రేకు ఉండే పువ్వును మనవాళ్లు ముద్దబంతి, ముద్దమందారం అన్నట్టే ఇదీ. ‘డబుల్ పెటల్’కు ‘ముద్ద’ అనే ఇంత చక్కని మాట ఉండగా, నర్సరీల్లో ‘జంటరేకుల’ అని రాసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

మిగిలిన రెండింటికీ పేరు కట్టాలి. నారింజరంగు ముళ్ల మొక్క మడగాస్కర్ దీవిది. దాని శాస్త్రనామం సొలానమ్ పైరకాంతోస్. గ్రీకులో ‘పైర్’ అంటే నిప్పు, ‘అకాంథ’ అంటే ముల్లు. కాబట్టి ‘నిప్పుముళ్ల వంగ’ అనండి. అనువాదం వద్దన్నవాణ్ని మళ్లీ అనువాదమే చేస్తున్నానేమిటి అనుకుంటున్నారేమో. తేడా ఉంది. నిప్పుముల్లు కంటికి కనిపిస్తుంది, రాత్రినీడ కనిపించదు. మొక్కలో కనిపించే గుణాన్ని చెప్పే పేరు ఏ భాషలోకి తెచ్చినా బతుకుతుంది.

పొదుగు కాయల మొక్క దక్షిణ అమెరికా ప్రాంతానిది. లాటిన్‌లో ‘మమ్మోసమ్’, అంటే స్తనాలు కలది. ఇంగ్లీషువాళ్లు ఆవుపొదుగు అన్నారు. చీనావాళ్లు మాత్రం ఆ కాయ తొడిమ దగ్గర వేళ్లలా పొడుచుకొచ్చిన అయిదు బొడిపెలు చూసి, ‘అయిదు తరాలు ఒకే ఇంట్లో’ అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. కొత్త సంవత్సరం పండగకు ఆ కాయల కొమ్మలను ఇంట్లో అలంకరిస్తారు. ఉమ్మడి కుటుంబం అందులో కనిపించింది వాళ్లకు! మనకు ‘పొదుగువంగ’ సరిపోతుంది. పాడి ఉన్న నేల మనది, ఆ మాట వినగానే ఆకారం కళ్లముందు నిలుస్తుంది.

ఇక ‘ఆర్నమెంటల్’ అన్నదానికి ‘అలంకరణ మొక్కలు’ అని రాస్తున్నారు. అలంకరణ అంటే అలంకరించే పని. పెళ్లిపందిట్లో అలంకరణకు వాడే మొక్కలకు ఆ మాట నప్పుతుంది. కుండీలో ఉండి తానే అందంగా కనబడే మొక్కను ‘అందానికి పెంచే మొక్క’ అంటే సరిపోతుంది. మాట్లాడేటప్పుడు ‘షో మొక్కలు’ అంటున్నారు, నాకేమీ అభ్యంతరం లేదు. ప్రతిదాన్నీ ‘క్రోటన్’ అనకుంటే చాలు.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గరికి వద్దాం. విత్తనాన్ని మట్టిలో వేసే పనికి తెలుగులో ఒక్క క్రియ లేదు. నువ్వులు చల్లుతాం. జొన్నలు గొర్రుతో విత్తుతాం. సొరగింజ, గుమ్మడిగింజ పాదు చేసి పెడతాం. మామిడిటెంక పాతుతాం. వరి, వంగ, మిరప, పొగాకు లాంటి వాటికి మాత్రం నారు పోస్తాం. ముందు ఒక చిన్న మడిలో ఒత్తుగా మొలిపించి, తర్వాత పీకి వేరేచోట పెడతాం కాబట్టి ఆ మాట. రెండోసారి చేసే ఆ పనే నాటడం. నాట్లు, నాటుకూలి, ఊడ్పులు అన్నీ ఆ దశకు చెందిన మాటలు. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అన్న సామెతలో ఉన్నది మొదటి దశ.

‘పోయడం’ ఎందుకంటారా? నీళ్లే కాదు, ఇసుక, బియ్యం, ధారగా జారేవన్నీ పోస్తాం. పొగాకు విత్తు చూశారో లేదో, దుమ్ములా ఉంటుంది, చేతిలో నిలవదు. చిన్నప్పుడు మా ఊళ్లో దాన్ని ఇసుకలో కలిపి మడి మీద చల్లేవారు. చేతితో చల్లుతున్నా నోటితో ‘పొగనారు పోశాం’ అనే అనేవారు. మీరు ట్రేలో కొబ్బరిపొట్టు నింపి గింజ గింజా విడిగా వేసినా అది నారు పోయడమే. నాలుగైదు ఆకులు వచ్చాక కుండీలోకి మార్చిన రోజున ‘నాటాను’ అనండి. అంటే మీ చీటీ మీద రెండు తేదీలుండాలి.

ఇంకో చిన్న తేడా. కాయలో ఉన్నంతసేపూ అది గింజ. ‘వంకాయ ముదిరి గింజపట్టింది’ అంటాం గానీ విత్తనం పట్టింది అనం. మొలిపించడానికని ఏరి, కడిగి, నీడన ఆరబెట్టి దాచాక అదే విత్తనమవుతుంది. వస్తువు మారలేదు, ఉద్దేశం మారింది.

నారు పెంచడంలో మీకు ఎదురయ్యే పెద్ద శత్రువుకు కూడా రైతులు ఎప్పుడో పేరు పెట్టారు. మొలక మొదలు దగ్గర మెత్తబడి, ఒక్క రాత్రిలో పడిపోతే అది ‘నారుకుళ్లు’. నీళ్లు ఎక్కువై, గాలి ఆడక వచ్చే బూజుతెగులు అది. ఈ జాతి విత్తనాలకు వెచ్చదనం కావాలి, 25 నుంచి 30 డిగ్రీలుంటే రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. అర సెంటీమీటరు లోతు చాలు. ఆలస్యమవుతోందని టెన్షన్ పడి రోజూ నీళ్లు గుమ్మరిస్తే, మొలిచినవి నారుకుళ్లుకు పోతాయి.

మీ మూడో ప్రశ్నలో మీవారు గెలిచారు, కానీ కొద్దిగానే. మొక్క పేరు వంగ. వంగతోట, వంగనారు, వంగపువ్వు రంగు చీర, అన్నిటా ఆ మాటే. వెలగ ప్లస్ కాయ వెలక్కాయ, మునగ ప్లస్ కాయ మునక్కాయ అయినట్టు, వంగ ప్లస్ కాయ వంకాయ అయింది. సున్న తర్వాత ద్విత్వం నిలవదు కనుక వంక్కాయ కాలేదు. ‘వంకాయ మొక్క’ అంటే కాయ పేరుతో మొక్కను పిలవడం. ‘మునక్కాయ చెట్టు’ అనేవాళ్లూ ఉన్నారు కాబట్టి దాన్ని తప్పుల పట్టికలో చేర్చను. మాటల్లో అనండి, చీటీ మీద మాత్రం ‘వంగ’ అని రాయండి. పల్లెల్లో ఎదిగిన దాన్ని మొక్క కూడా అనరు, మిరపచెట్టు, వంగచెట్టు అంటారు. మొక్క అంటే వాళ్ల లెక్కలో ఇంకా లేతది.

నా పేర్ల మీద మీరు ఒక అభ్యంతరం చెప్పవచ్చు, నేనే ముందు చెబుతాను. ‘వంగ’ అని రాస్తే ఎవరైనా కోసుకుని కూర వండితే? పొదుగువంగ కాయ విషం, నిప్పుముళ్ల వంగా తినేది కాదు, ఉమ్మెత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. అపార్ట్‌మెంటులో పిల్లలుంటారు, ఆ పసుపు కాయలేమో బొమ్మల్లా ఉంటాయి. పైన చెప్పిన చిన్న మాటల్లో ‘పిచ్చి’ ఉంది కదా, తినకూడని దాని ముందు మనవాళ్లు దాన్ని తగిలిస్తారు. ‘పిచ్చివంగ (పొదుగుకాయ రకం)’, ‘పిచ్చివంగ (నిప్పుముళ్ల రకం)’ అని రాయండి. దాని కింద ఎర్రసిరాతో ‘విషం, ముట్టుకోవద్దు’ అని కూడా చేర్చండి. ఆ తర్వాత వరసలో నారు పోసిన తేదీ, నాటిన తేదీ.