సెల్ఫ్ విప్పే ముందు వైరు చూడండి

ప్రశ్న: మాది 2004 మారుతి 800. మూడు నెలల కిందటే కొత్త బ్యాటరీ వేయించాను. అయినా పొద్దున్నే తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంటోంది. హెడ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి. సెల్ఫ్ మోటార్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్పించమంటారా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తొందరపడకండి. లైట్లు వెలుగుతున్నాయి కదా, వైర్లకేం అనుకుని నేనూ బోల్తాపడ్డాను. మా పాత 800కి ఇలాగే అయితే బ్యాటరీ మార్చాను, సెల్ఫ్ విప్పించి కార్బన్ బ్రష్‌లు వేయించాను. తీరా చూస్తే అసలు దొంగ ఎర్త్ వైరే (బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజన్‌కి వెళ్లే లావు వైరు)! పైన నల్ల తొడుగు నిగనిగలాడుతోంది. కోస్తే లోపల రాగి పచ్చగా చిలుమెక్కి పొడిపొడిగా రాలింది.

రెండు హెడ్‌లైట్లూ కలిపి లాగేది 10 ఆంపియర్లే. సెల్ఫ్ 100 దాకా, ఒక్కోసారి అంతకు మించీ లాగుతుంది. పాడైన వైరు పదికి సరిపెడుతుంది, వందకి చేతులెత్తేస్తుంది.

హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. జంపర్ కేబుల్ (రెండు కొసలా క్లిప్పులున్న లావు వైరు) ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజన్ మీద రంగు, మడ్డి లేని చోట, బెల్టుకి దూరంగా తగిలించి సెల్ఫ్ కొట్టండి. టక్కున అందుకుంటే ఎర్త్ వైరు పోయినట్టే. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంకా నయం. దాని వైర్ల కొసనుండే ముల్లుల్లో ఒకటి బ్యాటరీ నెగటివ్ దిమ్మె మీద (దాన్ని పట్టుకున్న క్లాంపు మీద కాదు), ఇంకోటి ఇంజన్ మీద ఆనించి ఎవరినైనా తాళం తిప్పమనండి. అర వోల్టు చూపిస్తే వైరు మార్చాల్సిందే. పాజిటివ్ వైపు కూడా దిమ్మె నుంచి సెల్ఫ్ బోల్టు దాకా ఇలాగే కొలవండి.

విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఇది తారుమారైతే పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. కొత్త వైరు పాతదానికంటే సన్నం కాకూడదు. కొనేముందు చాకుతో తీగ గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దనండి. లగ్గులు (వైరు కొసలకుండే బోల్టు రింగులు) సుత్తితో కొట్టి అతికించినవి కాక, ప్రెస్‌తో నొక్కినవి అడగండి. బాడీకి బిగించేచోట రంగు గీకెయ్యడం చాలామంది మర్చిపోతారు. దిమ్మెల మీద తెల్లపొడి ఉంటే వంట సోడా కలిపిన నీళ్లతో తుడిచి ఆరబెట్టి, బిగించాక కాస్త వాజలీన్ రాయండి.

రెండు వైపులా కొలతలు బాగుండి కూడా టిక్కుమంటే, అప్పుడు మీ మెకానిక్ చెప్పినట్టు సెల్ఫ్ విప్పించండి.